చెరువు వరి, పొలం వరి: ఎక్కడ విడిపోతున్నాయి? (ప్రాజెక్టు డైరీ)

ప్రాజెక్టు ఏంటంటే, ఒడిశాలో మా జయపురం చుట్టుపక్కల చెరువుల్లో, రోడ్డు పక్క గుంటల్లో దానంతట అదే మొలిచే అడవి వరిని గట్టుకి ఇవతల మనం నాటే వరితో సంకరం చేసి చూడడం. రెండూ పక్కపక్కనే ఉంటాయి. రెండింటికీ క్రోమోజోములు 24. పైరు చిన్నగా ఉన్నప్పుడు ఏది ఏదో చెప్పడం ముసలి రైతులకి కూడా కష్టమే. అయినా చెరువుది చెరువు వరిగానే, పొలంది పొలం వరిగానే ఇన్నాళ్ళూ నిలబడ్డాయి. ఏం ఆపుతోంది? ఏ మెట్టు దగ్గర ఎంత ఆగుతోంది?

డిగ్రీలో జాతి అంటే జీవశాస్త్రవేత్త ఎర్నెస్ట్ మేయర్ 1942లో ఇచ్చిన నిర్వచనం చదివాను: తమలో తాము కలిసి సంతానాన్ని కంటూ, మిగతా గుంపుల నుంచి ప్రత్యుత్పత్తి పరంగా వేరుపడి ఉండే జీవుల సమూహం. ఆ వేరుపడడం అనేది కళ్ళతో చూడగలిగే విషయమే అని నా నమ్మకం, కొంచెం ఓపిక, ఒక పట్టకారు, ఒక మైక్రోస్కోపు ఉంటే చాలు. కొరాపుట్ జిల్లా దీనికి చాలా మంచి చోటు కూడా. 1955-59 మధ్య జరిగిన సర్వేలో ఈ జయపురం ప్రాంతం నుంచి 1745 వరి నమూనాలు సేకరించారు, ఆసియా వరి పుట్టుకకి ఇది ఒక ఉపకేంద్రం అని శాస్త్రవేత్తలు అన్నారు, 2012లో ఐక్యరాజ్యసమితి ఆహార సంస్థ ఇక్కడి సేద్యాన్ని ప్రపంచ వ్యవసాయ వారసత్వంగా గుర్తించింది. దేశవాళీ విత్తనాలు కాపాడినందుకు ఈ జిల్లా రైతు కమలా పుజారి గారికి 2019లో పద్మశ్రీ వచ్చింది. అంత పేరు పొలంలో వరికి వచ్చింది. చెరువులో వరిని ఇంకా కలుపు అనే అంటున్నారు.

జూన్

కుండీలు సిద్ధం చేశాను. అడవి వరి రెండు రకాలు తీసుకున్నా. ఒకటి ఒరైజా నివారా, ఎండాకాలంలో ఎండిపోయే గుంటల్లో ఉండేది, ఏడాది మొక్క, గింజ రాల్చేసి చచ్చిపోతుంది. రెండోది ఒరైజా రూఫిపోగాన్, నీళ్ళు ఎప్పుడూ ఉండే లోతు చెరువుల్లోది, దుబ్బు బతికే ఉండి ఏటా మళ్ళీ పిలకలు వేస్తుంది. నివారాని వేరే జాతిగా 1965లో శర్మ, శాస్త్రి అనే శాస్త్రవేత్తలు వర్ణించారు, దాన్ని రూఫిపోగాన్‌లో ఒక రూపం కిందే లెక్కేసే వాళ్ళు ఇప్పటికీ ఉన్నారు. నాకు ఈ తగువే ఇష్టం. రెండు జాతులా ఒకటా అని పెద్దవాళ్ళు తేల్చుకోలేకపోతున్నారంటే విడిపోవడం మధ్యలో ఉన్నాయని అర్థం, అలాంటి దశని కదా చూడాల్సింది.

రెండింటినీ గుర్తుపట్టడానికి పూత దాకా ఆగాలి. పుప్పొడి తిత్తి పొడవు స్కేలుతో కొలిస్తే తెలుస్తుంది: రూఫిపోగాన్‌ది 3 మిల్లీమీటర్లు దాటుతుంది, నివారాది 2.5 లోపే ఉంటుంది.

పొలం వైపు నుంచి రెండు రకాలు. ఒకటి మా పెదనాన్న వేసే మధ్యకాలపు రకం, రెండోది కాలాజీరా, ఇక్కడి సువాసన బియ్యం, డిసెంబరు దాకా కోతకి రానిది.

పెదనాన్న వచ్చి చూసి, "ఏటమ్మా, జనం పీకి పారేసే బాలుంగాకి నువ్వు నీళ్ళు పోస్తన్నావా?" అన్నాడు. విషయం చెప్పాక మాత్రం, "అయితే మన మడిలో బెరుకులు ఎక్కడినుంచి వస్తన్నాయో కూడా చూడు" అన్నాడు. బెరుకులంటే వేసిన రకంలో కలిసిపోయి మొలిచే వేరే వరి మొక్కలు. అది నా జాబితాలో లేదు, అప్పుడు చేరింది.

ఆగస్టు నుంచి అక్టోబరు

ఈ నెలల్లో చేసిన పని ఒక్కటే: ఏది ఎప్పుడు ఈనింది, ఎప్పుడు పూత మొదలైంది, ఎప్పుడు ముగిసింది అని నోట్‌బుక్‌లో రాయడం. కుండీల్లోవే కాదు, బొరిగుమ్మ వైపు రోడ్డు పక్క గుంటలు, మా ఊరి వెనక చెరువు కూడా.

మొదటి అడ్డు ఇక్కడే కనిపించింది. నివారా గుంటలు ఎండేలోపు గింజ రాల్చుకోవాలి కాబట్టి పగటి పొడవుని పెద్దగా పట్టించుకోకుండా తొందరగా పూస్తుంది, సెప్టెంబరు, అక్టోబరుల్లోనే. రూఫిపోగాన్‌కి నీళ్ళకి కొదవలేదు, పగలు బాగా కురచ అయ్యేదాకా ఆగుతుంది, నవంబరు వస్తే గానీ కంకులు బయటపెట్టలేదు. అంటే ఈ రెండు అడవి వరులూ ఒకే చెరువులో, ఒకటి అంచున, ఒకటి లోతులో ఉన్నా ఒకదాని పుప్పొడి గాల్లో ఉన్నప్పుడు రెండోదానికి పువ్వే ఉండదు. ఇక్కడ అలవాటు పడింది నీటికి. వేరుపడాలని ఏ మొక్కా అనుకోలేదు, నీళ్ళు ఎండే చోట బతకడానికి పూత ముందుకి జరిగింది, దానితోపాటు సంకరం తలుపు కూడా మూసుకుంది. కొత్త జాతి పుట్టడానికి మధ్యలో కొండో నదో అడ్డుండాలని బళ్ళో చెప్పే పాఠం తప్పు కాదు, చాలా జాతులు అలాగే విడిపోయాయి, కానీ నాలుగడుగుల నీటి లోతు తేడా కూడా చాలని ఈ చెరువు దగ్గర నిలబడితే తెలుస్తుంది.

దీనికి పొలం కలపండి. పెదనాన్న మధ్యకాలపు రకం అక్టోబరు మొదట్లో పూతకి వచ్చింది, నివారాతో పాటే. కాలాజీరా ఆలస్యంగా నవంబరులో పూసింది, రూఫిపోగాన్‌తో పాటే. కాబట్టి ఏ చెరువు వరికి ఏ తలుపు తెరిచి ఉంటుందన్నది పక్క మడిలో రైతు ఏ విత్తనం చల్లాడన్న దాన్నిబట్టి మారిపోతుంది. ఊరంతా దీర్ఘకాలపు రకాల నుంచి మధ్యకాలపు రకాలకి మారితే రూఫిపోగాన్ ఊపిరి పీల్చుకుంటుంది, నివారా మీద ఒత్తిడి పడుతుంది. ఈ లెక్క ఎవరైనా ఊరూరా వేస్తే బాగుండును.

అక్టోబరు, పొద్దున పూట

తేదీ కలిసినా సరిపోదు, గంట కూడా కలవాలి. వరి పువ్వు తెరుచుకునేది ఎండ ఎక్కాక, దాదాపు పది నుంచి పన్నెండు మధ్య, అదీ ఒక గంట లోపు. పుప్పొడి బయటికొచ్చాక బతికేది కొద్ది నిమిషాలే, అయిదు నిమిషాల్లోనే చాలా వరకు పనికిరాకుండా పోతుంది. కీలాగ్రం మాత్రం రోజుల తరబడి ఎదురుచూడగలదు. నా కుండీల్లో నివారా, పొలం వరి దాదాపు ఒకేసారి తెరుచుకున్నాయి, అంటే ఈ జంటకి గంట అడ్డు లేదు. వేరే చోట ఉంది: ఒరైజా అఫిసినాలిస్ అనే ఇంకో అడవి వరి తెల్లవారగానే పూస్తుంది, ఆ గుణాన్ని తీసుకునే ఎండ దెబ్బ తప్పించుకునే పొద్దున్నే పూసే వరిని శాస్త్రవేత్తలు తయారుచేశారు.

ఇంకో అడ్డు పువ్వు నిర్మాణంలోనే ఉంది. పొలం వరి తనలో తానే పరాగ సంపర్కం చేసుకుంటుంది, బయటి పుప్పొడితో కట్టే గింజ సాధారణంగా నూటికి ఒకటి కూడా ఉండదు. పువ్వు తెరుచుకునే సమయానికే తన పుప్పొడి తన కీలాగ్రం మీద పడిపోయి ఉంటుంది. రూఫిపోగాన్ కీలాగ్రాలు పొట్టు బయటికి కుచ్చులా పొడుచుకొచ్చి ఉంటాయి, పుప్పొడి తిత్తులు పొడవు, కొన్ని చోట్ల సగం దాకా గింజలు పరపరాగంతో కడతాయని కొలిచారు. నివారా ఈ రెండింటికీ మధ్యలో ఉంటుంది. అందుకే గాలివాటున జన్యువులు ఎక్కువగా పొలం నుంచి చెరువుకే వెళ్తాయి, చెరువు నుంచి పొలానికి తక్కువ. అడ్డు రెండు వైపులా ఒకేలా ఉండాలన్న రూలేమీ లేదు.

సంకరం చేసిన పద్ధతి

తల్లి మొక్కగా పొలం వరిని పెట్టుకుంటే మేలు, అడవి వరి గింజ పండీ పండకుండానే రాలిపోతుంది. కంకి పొట్టలోంచి సగం బయటికొచ్చాక, సాయంత్రం పూట, మర్నాడు తెరుచుకునేలా ఉన్న పువ్వులు ఉంచి మిగతావి కత్తిరించేయాలి. ఉంచిన వాటి పొట్టు పైభాగం మూడో వంతు చిన్న కత్తెరతో కోసి, లోపలున్న ఆరు పుప్పొడి తిత్తులనీ పట్టకారుతో తీసేయాలి, ఒక్కటి చిట్లినా ఆ పువ్వుని తీసి పడేయాలి. బటర్ పేపర్ సంచి తొడిగి పిన్ను పెట్టాలి. మర్నాడు పదిన్నర ప్రాంతంలో మగ మొక్క కంకి తిత్తులు బయటికి వేలాడుతున్నప్పుడు కోసి తెచ్చి, సంచి పైభాగం తెరిచి, దాని మీద దులపాలి, మళ్ళీ మూసేయాలి. కొందరు తిత్తులు తీయకుండా కంకిని 42, 43 డిగ్రీల వేడినీళ్ళలో కొద్ది నిమిషాలు ముంచి పుప్పొడిని చంపుతారు, కీలాగ్రం తట్టుకుంటుంది. నాకు పట్టకారే నమ్మకం.

ప్రతి తల్లి కంకి పక్కన ఇంకో కంకిని తిత్తులు తీసి, ఏ పుప్పొడీ చల్లకుండా సంచి కట్టి వదిలేశాను. అందులో గింజ కట్టకపోతేనే మిగతా గింజల్ని సంకరం అని నమ్మొచ్చు. కట్టలేదు.

వారానికల్లా కోసిన పొట్టు లోంచి పచ్చటి గింజ పెరగడం కనిపించింది. పెదనాన్న రకం మీద నివారా, కాలాజీరా మీద రూఫిపోగాన్, రెండూ బాగానే పట్టాయి. అంటే పుప్పొడి మొలవడం, నాళం లోపలికి వెళ్ళడం, పిండం, దానికి తిండి దాచే అంకురచ్ఛదం ఏర్పడడం, ఈ మెట్లలో వీటి మధ్య పెద్ద అడ్డు లేదు. ఇది అన్ని అడవి వరులకీ వర్తించదు. సాగు వరి, నివారా, రూఫిపోగాన్ మూడూ ఏఏ అనే ఒకే జన్యుసముదాయం. అఫిసినాలిస్‌ది సీసీ. దానితో సంకరం చేస్తే గింజ లోపల అంకురచ్ఛదం చెడిపోయి పిండం ఆకలితో చచ్చిపోతుంది, ప్రయోగశాలలో పిండాన్ని బయటికి తీసి పోషక ద్రవంలో బతికించాలి. ఇక మన ఒడిశా తీరంలోనే, భితరకనిక ఉప్పునీటి మడ అడవుల్లో ఒరైజా కోర్క్‌టాటా ఉంది, దానికి 48 క్రోమోజోములు. క్రోమోజోములు రెట్టింపైన మొక్క తన తాత మొక్కతో కలిస్తే సంతానంలో జతలు సరిగ్గా కుదరవు, కాబట్టి మొక్కల్లో ఇలా ఒకటి రెండు తరాల్లోనే కొత్త జాతి వేరుపడిపోగలదు. నా చెరువులో జరుగుతున్నది నెమ్మది దారి.

మరుసటి వానాకాలం

సంకర గింజలు, అడవి గింజలతో పాటే ఎండాకాలమంతా దాచాను. అడవి వరి గింజకి నిద్ర ఎక్కువ, వెంటనే మొలవదు, పొడి వేడిలో కొన్నాళ్ళు ఉంచితే నిద్ర వదులుతుంది. మా డాబా మీద మే నెల ఎండ ఆ పని ఉచితంగా చేసిపెట్టింది.

సంకరం నిజమో కాదో మొక్కే చెప్పేసింది. తల్లి పొట్టిది, ముళ్ళు లేనిది. పిల్లలు పొడవుగా, పక్కలకి పరుచుకుని, కాండం మొదట్లో ఊదా ఛాయతో వచ్చాయి, కంకులకి పొడవాటి ముళ్ళు, తాకితే రాలే గింజ. రాలడం, ముల్లు, ఎర్ర బియ్యం, ఇవన్నీ చాలా వరకు అడవి వైపే నెగ్గుతాయి. పెదనాన్న చూసి, "ఇదేనమ్మా నా మడిలో బెరుకు" అన్నాడు. ఆయన ప్రశ్నకి సగం జవాబు అక్కడే దొరికింది.

పుప్పొడి చూసిన రోజులు

ఈ ప్రాజెక్టులో నేను అన్నిటికన్నా ఎక్కువ ఎదురుచూసింది దీనికోసం. పద్ధతి సులువు: తెరుచుకోబోయే పువ్వు తిత్తులు స్లైడు మీద నలిపి, లూగోల్ అయొడిన్ చుక్క వేసి, బడి మైక్రోస్కోపు కింద పెట్టడం. పిండి నిండిన పుప్పొడి నల్లగా, గుండ్రంగా కనిపిస్తుంది. చచ్చిన పుప్పొడి పసుపుగా, ముడుచుకుని ఉంటుంది. చలికి, నీటి ఎద్దడికి కూడా వరి పుప్పొడి చెడుతుంది కాబట్టి తల్లి, తండ్రి రకాలని అవే కుండీల్లో అదే రోజు చూసి పోల్చాను.

తల్లిదండ్రులు దాదాపు అంతా నలుపు. పెదనాన్న రకం, నివారా సంకరం కూడా దాదాపు అంతే, తేడా చెప్పలేనంత. కాలాజీరా, రూఫిపోగాన్ సంకరంలో మాత్రం సగం దగ్గర దగ్గరగా పసుపు. ఐపీస్ మీద ఫోను పెట్టి తీసిన ఫొటో చూస్తూ చాలాసేపు కూర్చున్నాను. అమ్మ మొక్క ఆరోగ్యంగా ఉంది, నాన్న మొక్క ఆరోగ్యంగా ఉంది, పిల్ల మొక్క ఇద్దరికన్నా ఏపుగా పెరిగింది, కానీ దాని పుప్పొడిలో సగం పోయింది.

ఇది ఎలా సాధ్యం అన్నది జాతుల పుట్టుకలో పాత చిక్కు ప్రశ్న. సంతానాన్ని చెడగొట్టే మార్పు ప్రకృతి ఎంపికలో ఎలా నిలబడుతుంది? జన్యుశాస్త్రవేత్తలు బేట్సన్ 1909లో, డాబ్జాన్‌స్కీ 1937లో, ముల్లర్ 1942లో ఒకే రకమైన జవాబు ఇచ్చారు. మూల జనాభా రెండుగా విడిపోయింది అనుకోండి. ఒక వైపు ఒక జన్యువు మారింది, ఆ వైపు ఉన్న మిగతా జన్యువులతో అది చక్కగా పనిచేస్తుంది, ఏ హానీ లేదు. రెండో వైపు ఇంకేదో జన్యువు మారింది, అక్కడ అదీ హానిలేనిదే. ఈ రెండు కొత్త జన్యువులూ ఎప్పుడూ ఒక కణంలో కలిసి పనిచేసి చూడలేదు. సంకరంలో మొదటిసారి కలుస్తాయి, అప్పుడు పొసగదు. ఏ వైపూ ఎప్పుడూ నష్టపోయే దశ దాటాల్సిన అవసరం రాలేదు, నష్టం కలిసిన చోట మాత్రమే బయటపడింది.

వరిలో దీనికి నిజమైన జన్యువులే దొరికాయి. డీపీఎల్1, డీపీఎల్2 అనేవి ఒకే పని చేసే జంట ప్రతులు. సాగు వరిలో రెండు పెద్ద వర్గాలు ఇండికా, జపోనికా. ఇండికా రకం కసలాత్‌లో మొదటిది పాడైపోయింది, జపోనికా రకం నిప్పన్‌బరేలో రెండోది పాడైపోయింది. ఒకటి పనిచేస్తే చాలు కాబట్టి ఎవరికీ నష్టం లేదు. రెండింటినీ కలిపితే, సంకరం పుప్పొడిలో నాలుగో వంతుకి రెండు పాడైన ప్రతులే వస్తాయి, అది మొలవదు. 2010లో జపాన్ పరిశోధకులు దీన్ని బయటపెట్టారు, ఇలాంటి జంట జన్యువుల లెక్కని ఓకా అనే జన్యుశాస్త్రవేత్త దశాబ్దాల ముందే ఊహించాడు. ఇక్కడ ఒక జాగ్రత్త చెప్పాలి: ఇలాంటి పుప్పొడి పిండి నిండి నల్లగానే కనిపించవచ్చు, కాబట్టి అయొడిన్ చూపించిన నలుపంతా మొలిచే పుప్పొడే అనుకోకూడదు. నివారా సంకరానికి అడ్డే లేదని అందుకే ఇంకా రాయడం లేదు, చక్కెర, బోరిక్ ఆమ్లం కలిపిన ద్రవం మీద మొలిపించి చూశాకే.

ఎస్5 అనే జన్యుస్థానం ఇంకా తీవ్రమైనది. అందులో పక్కపక్కనే ఉన్న మూడు జన్యువుల్లో రెండు కలిసి పిండకోశాన్ని, అంటే పువ్వులో పిండం ఏర్పడే ఆడ భాగాన్ని చంపుతాయి, మూడోది కాపాడుతుంది. కాపాడేది లేని పిండకోశం సంకరం మొక్కలో చచ్చిపోతుంది. కాపాడేది ముందు పుట్టి, చంపేది తర్వాత పూర్తయి ఉంటే, మధ్యలో ఏ తరమూ నష్టపోకుండానే ఈ ఏర్పాటు వచ్చేయగలదు. దీనికి మందు లాంటి తటస్థ రూపం కూడా కొన్ని వరి రకాల్లో ఉందని 1980లలో ఇకెహాషి, అరాకి చూపించారు, ఇండికా, జపోనికా సంకరాలు గింజ కట్టేలా చేయడానికి దాన్నే వాడతారు.

పుప్పొడి చచ్చిపోవడం, పిండకోశం చచ్చిపోవడం ఒకటి కాదని నా కుండీల్లోనే చూశాను. పుప్పొడి సగం పోయినా ఆ సంకరం గింజ బాగానే కట్టింది, ఎందుకంటే ఒక పువ్వులో పుప్పొడి రేణువులు వేలు, కావలసింది ఒక్కటి. పిండకోశం పువ్వుకి ఒక్కటే, అది పోతే తాలు గింజే. అందుకని అయొడిన్ స్లైడు చూసి అడ్డు ఎంత బలమైనదో నిర్ణయించకూడదు, కంకిలో తాలు లెక్క కూడా పెట్టాలి.

తల్లి ఎవరన్నది కూడా ముఖ్యమే

అటూ ఇటూ మార్చి కూడా సంకరం చేశాను, అడవి వరి తల్లిగా, కంకులకి సంచులు గట్టిగా కట్టి. కారణం మైటోకాండ్రియా. అది తల్లి నుంచే వస్తుంది. 1970లో చైనాలోని హైనాన్ దీవిలో వరి శాస్త్రవేత్త యువాన్ లాంగ్‌పింగ్ బృందానికి పుప్పొడి పనిచేయని ఒక అడవి వరి మొక్క దొరికింది. దాని కణద్రవ్యంలోకి సాగు వరి కేంద్రకాన్ని తరతరాలుగా మార్చుకుంటూ పోతే పుప్పొడి లేని వరి వస్తుంది, సరైన జన్యువున్న తండ్రిని కలిపితే పుప్పొడి తిరిగొస్తుంది. జయపురం బజారులో సంచుల్లో కొనే హైబ్రిడ్ వరి విత్తనాల్లో చాలా వాటి వెనక ఉన్నది ఇదే. రెండు జాతుల మధ్య ఉన్న ఒక పొసగనితనాన్ని పట్టుకుని మనిషి అన్నం పండించుకుంటున్నాడు. నాకు ఇది చాలా గొప్పగా అనిపిస్తుంది. నా కుండీల్లో మొదటి తరానికి తేడా కనిపించలేదు, కనిపించాలంటే సాగు వరితో వెనక్కి సంకరం చేసుకుంటూ ఇంకా తరాలు నడవాలి.

పొలంలో అడ్డు మనిషే

మొలిచి, పూసి, గింజ కట్టినా సంకరానికి బతుకు ఖాయం కాదు. చెరువులో అయితే నిద్ర తగ్గిన గింజ తప్పుడు కాలంలో మొలిచి ఎండకి పోతుంది. పొలంలో కలుపు తీసే ఆడవాళ్ళ చేతులే ఎంపిక. వీళ్ళు దేన్ని గుర్తుపడితే అది పోతుంది, గుర్తుపట్టలేనిది మిగులుతుంది. గుర్తుపట్టడం సులువవుతుందని మన దేశంలో ఊదా ఆకుల వరి వేశారు, పచ్చగా ఉన్నదంతా పీకేశారు. కొన్నాళ్ళకి సంకరాల ద్వారా ఊదా రంగు కలుపు వరికి కూడా చేరి, ఊదా బెరుకులు మిగిలిపోయాయి. పెదనాన్నకి ఈ సంగతి చెబితే, "అంటే మేం పీకీ పీకీ మాలాంటి బెరుకునే పెంచుతన్నామన్నమాట" అన్నాడు, బాధగానే. ఆయన ఈ ఏడాది నుంచి గట్టు పక్క రెండు వరుసల నుంచి విత్తనం దాచడం మానేశాడు.

నన్ను నిజంగా భయపెడుతున్నది రెండో వైపు. చెరువు చుట్టూ అన్ని వైపులా పొలం వచ్చేస్తే, ఏటా కాస్త కాస్త పొలం పుప్పొడి చెరువులోకి పడుతూనే ఉంటుంది, అడ్డులన్నీ సగం మూసినవే కాబట్టి కొన్నాళ్ళకి చెరువులో ఉండేది అడవి వరిలా కనిపించే సంకరాల గుంపు అవుతుంది. జాతి అంతరించడానికి చచ్చిపోవాల్సిన పనిలేదు, కలిసిపోయినా చాలు. వరిని గిడసబార్చే గ్రాసీ స్టంట్ వైరస్‌కి తట్టుకునే గుణం కోసం అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థ ఆరు వేలకు పైగా నమూనాలు వెతికితే ఉత్తరప్రదేశ్ నుంచి వచ్చిన ఒక్క నివారా నమూనాలో దొరికింది. ఐఆర్36 లాంటి రకాల్లోకి ఆ గుణం అక్కడినుంచే వచ్చింది. అలాంటి గుంట ఒకటి పోయిందంటే ఏం పోయిందో మనకి లెక్క కూడా ఉండదు.

ఇప్పుడు ఎక్కడున్నాం

రెండు జంటల రెండో తరం గింజలు డబ్బాల్లో ఉన్నాయి, డాబా మీద ఎండ పెడుతున్నాను. మా ఊరి వెనక చెరువులో రూఫిపోగాన్ దుబ్బులు ఉన్న చోట్లు, చుట్టూ ఏ మడిలో ఏ రకం వేశారో కాగితం మీద గీసి పెట్టుకున్నాను. చెరువు వేలం తీసుకున్న వాళ్ళతో పెదనాన్న మాట్లాడాడు, ఒక మూల తూడు తీసేటప్పుడు దుబ్బులు వదిలేయడానికి ఒప్పుకున్నారు.

వానలు పడగానే రెండో తరం నారు పోస్తాను. ఈసారి మొక్క మొక్కకీ పూత తేదీ, నల్ల పుప్పొడి వంతు, తాలు వంతు, గింజ రాలడం నాలుగూ కలిపి రాయాలి. అటు చెరువు లక్షణాలన్నీ ఉన్న మొక్క, ఇటు పొలం లక్షణాలన్నీ ఉన్న మొక్క బాగా గింజ కట్టి, కలగలిసినవే ఎక్కువ తాలు పోతే, పొసగని జన్యువులు ఆ లక్షణాల జన్యువుల దగ్గరే కూర్చుని ఉన్నాయని అనుమానించాలి. అలా కాకపోతే వేరే చోట వెతకాలి.